మూడున్నర నడక

"ఇంట్లో తిరిగే తిరుగుడు చాలదా, మళ్ళీ ప్రత్యేకంగా నడకెందుకు?" అన్నాడు భర్త, షటిల్ బ్యాటు సంచిలో పెట్టుకుంటూ.

ఎగతాళిగా అనలేదు. నిజంగా అర్థంకాకే అడిగాడు. ఆమెకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఎగతాళి అయితే తనూ ఒక మాట విసిరి ఊరుకునేది. అర్థంకాని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు స్టవ్ కట్టేయాలి, చేతులు తుడుచుకోవాలి, ఎదురుగా కూర్చోవాలి. తెల్లవారి ఐదూ నలభైకి అంత తీరిక ఎవరికుంటుంది? ఆయన బూట్లు వేసుకుని ఆటకు వెళ్ళిపోయాడు. పది నిమిషాల తర్వాత మామగారు టోపీ పెట్టుకుని స్నేహితులతో నడకకు బయల్దేరారు. తలుపు రెండుసార్లు మూసుకుంది. రెండుసార్లూ వెళ్ళి గడియ వేసింది ఆమే.

ఆమె ఉద్యోగం రక్తపరీక్షల ల్యాబులో. తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ షుగర్లూ కొవ్వులూ కంప్యూటర్లో ఎక్కిస్తుంది. కిందటి నెల స్టాఫ్ అందరికీ పరీక్షలు చేశారు. ఆ రిపోర్టులు టైపు చేస్తుంటే మధ్యలో ఒకదాని దగ్గర అంకె ఎర్రగా మారింది. ఎర్ర అంకెలు రోజూ చూసేవే. పాపం ఎవరో అనుకుని పేరు చూస్తే తన పేరు. నలభై రెండేళ్ళ మనిషికి తన ఒంట్లో ఏం జరుగుతోందో పరాయి రిపోర్టులా తెలిసింది. ల్యాబు డాక్టరమ్మ పిలిచి, "మందులు ఇప్పుడే వద్దులే. రోజూ నలభై నిమిషాలు గట్టిగా నడు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ చూద్దాం" అంది. ఇంటి పనంతా నేనే చేస్తాను కదా మేడం అని ఈమె నసిగితే, ఆవిడ కళ్ళజోడు తీసి, "అందులో వచ్చేది అలుపు. నేను చెప్పేది నీ కోసం నువ్వు నడవడం" అంది.

నీ కోసం నువ్వు. ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. సాయంత్రం వెళ్తానంటే, మరి వంట అన్నారు. పొద్దున వెళ్తానంటే, "పొద్దున మేమిద్దరం బయట ఉంటాం కదా, అమ్మ దగ్గర ఎవరుంటారు?" అన్నాడు భర్త. మేడ మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ నడవమని మామగారు సలహా ఇచ్చారు. నడిచింది, రెండు రోజులు. మొదటి రోజు పక్క ఫ్లాటావిడ బట్టలు ఆరేయడానికి వచ్చి, "ఏమ్మా, ఇంట్లో గొడవా?" అని గొంతు తగ్గించి అడిగింది. రెండో రోజు కింద నుంచి మూడుసార్లు పిలుపొచ్చింది. తువ్వాలు ఎక్కడుందని ఒకసారి, ఫోను ఛార్జరు ఎక్కడుందని ఒకసారి, అత్తగారికి వేడినీళ్ళు కావాలని ఒకసారి. మూడో రోజు ఆమె మేడ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదని కూడా ఎవరూ అడగలేదు.

నిజానికి అన్నిటికీ అడ్డం అత్తగారి మోకాళ్ళు. మూడేళ్ళ కిందట ఆవిడ మెట్ల మీద జారిపడింది. అప్పటి నుంచి కిటికీ పక్క కుర్చీ, కుర్చీకి ఆనించిన చేతికర్ర, అవే ఆవిడ లోకం. పొద్దున మంచం దిగేటప్పుడు పట్టుకోవాలి. కూర్చున్న చోటికి పళ్ళెం తెచ్చి పెట్టాలి. మోకాళ్ళకి పట్టీలు బిగించాలి. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేల మీద చతికిలబడి, ఆ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, నొప్పుల నూనె రాసి అరగంట మర్దనా చేయాలి. ఇంటికి ఎవరొచ్చినా మామగారు, "మా కోడలు ఉండబట్టి గానీ, లేకపోతే మా గతి ఏమయ్యేదో" అనేవారు. మొదట్లో ఆ మాట ఆమెకు మెడల్ వేసినట్టుండేది. తర్వాత్తర్వాత అది మెడకి తాడులా తోచేది. పని ఎక్కువై నడుం పడిపోయిన నెలలో, కూతుర్ని పిలిచి, "ఈ ఏడాదికి ఆ బాస్కెట్‌బాల్ మానెయ్ తల్లీ, నా ఒక్కదాని వల్ల కావడం లేదు" అంది. తొమ్మిదో తరగతి పిల్ల. రెండు రోజులు అలిగింది. తర్వాత బూట్లు అట్టపెట్టెలో పెట్టేసి, ట్యూషన్ నుంచి రాగానే నానమ్మకి అందివ్వాల్సినవి అందిస్తూ కూర్చునేది.

ఆ మంగళవారం ల్యాబులో నీళ్ళ పైపు పగిలి మెషిన్ల గదిలోకి నీళ్ళొచ్చాయి. మూడింటికల్లా అందర్నీ ఇళ్ళకు పొమ్మన్నారు. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆమెకు మెల్లగా వెలిగింది. ఆరున్నర దాకా తన కోసం ఎవరూ ఎదురుచూడరు. కూతురు స్కూలు నుంచి నేరుగా ట్యూషన్‌కి పోతుంది. మామగారు భోజనం కాగానే రీడింగ్ రూముకి వెళ్తే చీకటిపడే ముందు వస్తారు. అత్తగారికి మధ్యాహ్నానికి కావలసినవన్నీ కుర్చీ పక్కన పెట్టే వచ్చింది. పెళ్ళయ్యాక మూడు గంటలు ఇలా ఎవరికీ చెందకుండా చేతికి దొరకడం ఇదే మొదలేమో. దొంగతనం చేయబోతున్నట్టు అటూ ఇటూ చూసింది. ఇంటికి రెండు స్టాపుల ముందు, నీళ్ళ రిజర్వాయరు దగ్గర దిగిపోయింది. దాని చుట్టూ నడకదారి ఉందని మామగారి మాటల్లో వినడమే గానీ ఏనాడూ చూడలేదు.

ఎండ ఇంకా చురుక్కుమంటోంది. ఈ వేళకి ఎవరుంటారులే, హాయిగా ఒంటరిగా నడవచ్చు అనుకుని గేటు దాటిన ఆమె ఆగిపోయింది. ఇరవై మందికి పైగా ఉన్నారు. అందరూ ఆడవాళ్ళే. టోపీలు పెట్టుకున్నవాళ్ళు, తలకు తువ్వాలు చుట్టుకున్నవాళ్ళు, ఒక చేత్తో గొడుగు పట్టుకునే నడుస్తున్నవాళ్ళు. ఆమె ఆఫీసు చెప్పుల పట్టీ వదులైతే బిగించుకుందామని బెంచీ మీద కూర్చుంది. పక్కన లావుపాటి పెద్దావిడ బాటిల్లోంచి నీళ్ళు తాగుతోంది. రిటైరైన నర్సునని తనే చెప్పుకుంది.

"కొత్తా? రా రా. ఎండకి జడుసుకోకు. మనకి దొరికేది ఈ మూడున్నరే. పొద్దున ఇక్కడంతా మగవాళ్ళ రాజ్యం. ఆ టైముకి మన రౌండ్లన్నీ స్టవ్వుకీ సింకుకీ మధ్య కదా! సాయంత్రం అయితే పిల్లలూ, వాళ్ళ హోంవర్కులూ. అందుకని ఎండలో పడ్డాం. ఆ, కాళ్ళు వెనక్కి లాక్కో, మా రైలక్క వస్తోంది. దారికడ్డం ఉంటే గుద్దేసుకుని పోతుంది!"

రైలక్క వచ్చింది. ఆమెకు ముందు కనిపించినవి బూట్లు. తెల్లటి బూట్లు, పక్కన నీలం గీత, వాడి వాడి మడమల దగ్గర అరిగినవి. తర్వాత చేతులు, మోచేతుల దగ్గర వంచి ముందుకీ వెనక్కీ ఊపుతున్న చేతులు. తర్వాత ఊదారంగు బట్టలు, ఈ ఉదయమే తను ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టినవి. ముఖం చివర్న చూసింది. చూసి కూడా, ఎవరో అచ్చం మా అత్తగారిలా ఉన్నారే అనుకుంది. మనసు అంతకంటే ఒప్పుకోలేదు. ఆ మనిషి నవ్వుతూ, వెనకపడ్డ ఇద్దర్ని కేకలేస్తూ, బెంచీని చూడకుండానే మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"అరవై ఆరేళ్ళమ్మా ఆవిడకి" అంటోంది నర్సు. "మూడేళ్ళుగా ఒక్కరోజు మానింది లేదు. మాలో సగం మందిని తనే ఇళ్ళలోంచి లాక్కొచ్చింది. అంత ఓపిక ఎక్కడిది అక్కా అంటే, 'అంతా మా కోడలి చలవ, ఆ పిల్ల ఉండబట్టే నేను నడవగలుగుతున్నాను' అంటుంది ఎప్పుడూ. రాసిపెట్టి ఉండాలి, అలాంటి కోడలు దొరకాలంటే. ఏమ్మా, అలా అయిపోయావేంటి? నీళ్ళు తాగుతావా?"

ఆమెకు నీళ్ళ బాటిలు కనిపించలేదు. కనిపిస్తున్నవి తన చేతులు. ఏడొందల రోజులో, వెయ్యి రోజులో, ఈ చేతులే ఆ పిక్కల్ని నొక్కాయి. జబ్బు మనిషి పిక్కలు ఏ రోజుకారోజు మెత్తబడి వేలాడాలి. ఇవి ఏడాదికేడాది గట్టిపడ్డాయి. చెక్కలా, తాళ్ళు పేనినట్టు. చేతులకు తెలుసు. చేతులు ఎన్నోసార్లు చెప్పాయి కూడా. నూనె మహిమ కాబోలు అనుకుని తల ఊరుకుంది. నడుం పట్టేసిన రోజు కూడా పళ్ళ బిగువున నేల మీద కూర్చుని రాసింది కదా, అప్పుడు ఆవిడ పైనుంచి చూస్తూ ఏమనుకుని ఉంటుంది? జాలిపడిందా? నవ్వుకుందా? ఈ రెండింటిలో ఏది నిజమైతే తను తట్టుకోగలదు? కూతురి బూట్లు అట్టపెట్టెలో పెట్టించింది ఈ మోకాళ్ళ కోసమేనా?

రెండో చుట్టు వచ్చేసరికి ఆమె లేచి దారికి అడ్డంగా నిలబడింది.

అత్తగారు చూసింది. ఒక్క అడుగు, ఒకే ఒక్క అడుగు తడబడింది. ముఖంలో రంగు పోయింది, మళ్ళీ వచ్చింది. కాళ్ళు మాత్రం ఆగలేదు.

"ఆగితే పిక్కలు పట్టేస్తాయి. అడగాల్సింది నడుస్తూ అడుగు" అంది, పక్కనుంచి దాటుతూ.

ఏం చేస్తుంది? వెంటపడింది. ఆఫీసు చెప్పులతో, భుజాన లంచ్ సంచితో, పరుగులాంటి నడకతో.

"మీకు... మీకు నొప్పి లేదా అత్తయ్యా?"

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"పడ్డ రెండు నెలలకే తగ్గిపోయింది."

"మూడేళ్ళు!" ఊపిరందక మాట రెండు ముక్కలైంది. "మూడేళ్ళు నాతో కాళ్ళు పట్టించుకున్నారు!"

"మెల్లగా. ముక్కుతో గాలి పీల్చు, నోటితో వదులు. అవును, పట్టించుకున్నాను."

తను ఏడుస్తోందో తిడుతోందో ఆమెకే తెలియలేదు. రెండిటికీ ఊపిరి కావాలి, ఆ ఊపిరి లేదు. ఆవిడకు ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి ఆయాసం లేకుండా చెప్పుకుపోతోంది, ఈమె పక్కన రొప్పుతూ వింటోంది.

"నలభై నాలుగేళ్ళు నేను ఆ ఇంట్లో కూర్చుని భోంచేసింది లేదు. పడ్డాక, నువ్వు మొదటిసారి పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టావు చూడు, ఆ రోజు నేను ఏడ్చాను. నొప్పికి అనుకున్నారు అందరూ. రెండు నెలలకి డాక్టరు, బాగైపోయింది, ఇక రోజూ నడవండి అన్నాడు. సంబరంగా ఇంటికొచ్చి, పొద్దున్నే మీతో నేనూ వస్తాను నడకకి అని మీ మామయ్యని అడిగాను. ఆయన పేపరు దించలేదు. 'నడవగలిగే కాళ్ళయితే వంటింట్లోకి నడవమను' అన్నారు. నాతో కూడా కాదు, పేపరుతో అన్నారు. లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. అమ్మో, ఇంకా నొప్పిగా ఉంది అన్నాను. అంతే. ఆ మాట అనడానికి ఒక్క క్షణం పట్టింది. వెనక్కి తీసుకోవడానికి మూడేళ్ళయినా ధైర్యం చాల్లేదు."

"బూట్లు?"

"కింద దర్జీ ఆవిడ దగ్గర. గుడ్డముక్కల బుట్టలో."

అంటే దర్జీ ఆవిడకి తెలుసు. ఇరవై మంది ఆడవాళ్ళకి తెలుసు. ఊరందరికీ తెలిసిన ఆ కాళ్ళ సంగతి వాటిని ఒళ్ళో పెట్టుకున్నదానికి తెలియదు. ఆమె ఆగబోయింది. ఆవిడ మోచేయి పట్టుకుని ముందుకు లాగింది.

"మరి నా కాళ్ళ గురించి ఆలోచించలేదా అత్తయ్యా మీరు?"

అత్తగారు అడుగుల వేగం పెంచింది. ఇద్దరి అడుగుల చప్పుడే వినిపించింది.

"ఆలోచించలేదని అబద్ధం చెప్పను" అంది చివరికి. "ఆలోచించాను. ఇద్దరిలో ఒకరి కాళ్ళే బయటికి రాగలవని తెలిసే కూర్చున్నాను. నీకిప్పుడు నన్ను కొట్టాలని ఉంటుంది. కొట్టినా నేనేమీ అనను. కానీ ఒక్కటి అడుగుతాను, నువ్వూ ఆలోచించు. మరి నువ్వెందుకు మాన్పించావు, పిల్ల ఆట?"

ఆ ప్రశ్న ఆమె ఛాతీ మీద తగిలింది. మీ వల్లే అని నోటిదాకా వచ్చింది. అది నిజం కూడా. కానీ మాన్పించడానికి ఇంట్లో ఇద్దరు మగవాళ్ళ ఆటలుండగా, పద్నాలుగేళ్ళ పిల్ల ఆటే ఎందుకు గుర్తొచ్చింది తనకి? భర్త బ్యాటు అటక మీద పెట్టమని అడగాలన్న ఆలోచన కలలోకైనా రాలేదే! ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. తనంతట తనే, ఎంతో ప్రేమగా, తల్లీ అని పిలిచి మరీ అడిగింది.

వాళ్ళు ఇంకో రెండు చుట్లు తిరిగారు. ఆమె మడమ బొబ్బలెక్కి చిట్లింది. నలభై నిమిషాలు దాటిపోయిందని కూడా ఆమె గమనించలేదు.

ఆ తర్వాత బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆరు దాటాకే లేచారు. తిరిగి వెళ్ళేటప్పుడు దర్జీ ఆవిడ ఇద్దర్నీ కలిపి చూసి కుట్టుమిషను ఆపేసింది. అత్తగారు బూట్లు విప్పి బుట్టలో పెట్టి, చెప్పులు తొడుక్కుని, మూలనున్న చేతికర్ర తీసుకుంది. లిఫ్టు దాకా మామూలుగానే నడిచింది. లిఫ్టు తలుపు మూసుకోగానే భుజం ఒక పక్కకి వంగింది, నడుం కిందికి దిగింది, ముఖం పదేళ్ళు ముదిరింది. మూడో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి పక్కన నిలబడ్డది ఇంకో మనిషి. లిఫ్టు అద్దంలో అది చూస్తుంటే ఆమెకు కోపం కంటే భయమే ఎక్కువ వేసింది. ఇంత కష్టపడాలా, ఒక ఆడమనిషి గంటసేపు నడవడానికి!

ఇంట్లో అందరూ వచ్చేసి ఉన్నారు. మామగారు సోఫాలో, భర్త ఫోనులో, కూతురు బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటూ.

"అమ్మని కిందికెందుకు తీసుకెళ్ళావు? పడితే?" అన్నాడు భర్త.

"గాలి కోసం" అంది అత్తగారు, కుర్చీలో కూలబడి.

ఆమె వంటింటి వైపు వెళ్ళలేదు. ఆ వేళప్పుడు ఎన్నడూ కూర్చోని చోట, సోఫా చివర, కూర్చుంది. చెప్పు తీసి చూసుకుంటే మడమ ఎర్రగా ఉంది.

"టీ?" అన్నాడు భర్త.

"కాళ్ళు నొప్పిగా ఉన్నాయండీ. నేను లేవలేను."

ఆయన విసుక్కోలేదు, అరవలేదు. ముందు ఆమె వైపు, తర్వాత తల్లి కర్ర వైపు చూశాడు, ఆ తర్వాత ఎంతో సహజంగా, లైటు స్విచ్చు వెతుక్కున్నట్టు, ఆయన కళ్ళు బల్ల వైపు వెళ్ళాయి. "తల్లీ..." అన్నాడు. అంతే అన్నాడు. మిగతా వాక్యం అవసరం లేకపోయింది. ఆ పిల్ల అప్పటికే పెన్నుకి మూత పెట్టేసింది. సగం లెక్క మీద స్కేలు అడ్డం పెట్టి, అలవాటైన మనిషిలా లేచింది. ఎప్పుడు నేర్చుకుంది ఇది? ఎవరు నేర్పారు?

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది.

అత్తగారు లేచి నిలబడింది. కర్ర లేకుండా. నిటారుగా. నాలుగు అడుగుల్లో హాలు దాటి వెళ్ళి మనవరాలి భుజం పట్టుకుని ఆపింది.

"అది చెయ్యదు" అంది.

భర్త చేతిలో ఫోను జారి తివాచీ మీద పడింది. "అమ్మా! నీ కాళ్ళు!"

"బాగానే ఉన్నాయిరా. మూడేళ్ళుగా బాగానే ఉన్నాయి."

భర్త నోరు తెరిచి తల్లినీ, కర్రనీ, మళ్ళీ తల్లినీ చూస్తున్నాడు. ఆమె మామగారి ముఖం వైపే చూసింది. ట్రాక్ మీద విన్నదంతా ఇప్పటిదాకా ఆమె పూర్తిగా నమ్మలేదు. తప్పు చేసిన మనిషి చెప్పుకునే సాకు కూడా అందులో కొంత ఉంటుందిలే అనుకుంది. నలభై ఏడేళ్ళు పక్కనున్న మనిషి ఇలా లేచి నడిస్తే, ఆయన ఏమంటారు? మోసం చేశావంటారా? సంతోషం పట్టలేక ఏడుస్తారా?

మామగారు భార్యని కింది నుంచి పైదాకా చూశారు. ఆశ్చర్యం మెల్లగా కరిగి, ముఖం నిండా తేలిక పరుచుకుంది.

"నడుస్తున్నావే!" అన్నారు. "అయితే ఇంకేం, నువ్వే పెట్టు. నాకు చక్కెర తక్కువ."

అత్తగారు కోడలి వైపు చూసింది. చూశావా అన్న గర్వం లేదు ఆ చూపులో. సిగ్గు ఉంది, ఆయన తరఫున కూడా తనే పడుతున్న సిగ్గు. ఆ చూపు చూశాక ఆమెకు కోపం పోలేదు. మూడేళ్ళ కోపం ఒక్క పూటలో పోదు, పోవాలని ఆమె అనుకోలేదు కూడా. అది అలాగే ఉండగానే, దాని పక్కన ఇంకేదో వచ్చి నిలబడింది.

వంటింటి గుమ్మంలో పిల్ల ఆగిపోయి ఉంది. తల్లిని చూస్తోంది, నానమ్మని చూస్తోంది. ఇద్దరిలో ఎవరు కదులుతారో చూస్తోంది.

ఇద్దరూ కదల్లేదు.

"అత్తయ్యా" అంది ఆమె, సోఫాలోంచి లేవకుండానే, అందరికీ వినిపించేలా. "రేపు పొద్దున ఆరింటికి వెళ్దాం నడకకి. ముగ్గురం."

మూడేళ్ళు ఇంటిల్లిపాది కళ్ళూ కప్పిన మనిషి ఆ ఒక్క మాటకి నిర్ఘాంతపోయింది.

"పొద్దునా?" అంది.

"పొద్దునే" అంది కోడలు. "ఆ టైములో చల్లగా ఉంటుందట."